సేలం జనం చందాలతో కట్టిన 'ఎసెక్స్' యుద్ధనౌక: పసిఫిక్‌ను గడగడలాడించి వాల్పరైసోలో ఎందుకు లొంగిపోయింది?

తెరచాప
అమెరికా తొలినాళ్ల తెరచాప యుద్ధనౌకలంటే అందరూ 'కాన్‌స్టిట్యూషన్' గురించే మాట్లాడతారు. అది గెలిచింది, ఇంకా నీళ్ల మీదే ఉంది కాబట్టి. నాకు మాత్రం 'ఎసెక్స్' మీద మనసు. పదిహేనేళ్ల సర్వీసులో అది వెళ్లినంత దూరం అప్పటి అమెరికా యుద్ధనౌక ఏదీ వెళ్లలేదు. చివరికి శత్రువు చేతికి చిక్కింది. ఆ ఓటమికి బీజం పడింది యుద్ధం రోజున కాదు, అంతకు మూడేళ్ల ముందు ఓడ మీద ఫిరంగులు మార్చిన రోజున. ఇదీ నా వాదన. ఒప్పుకోనివాళ్లు రాయండి, మాట్లాడుకుందాం.

ముందు పుట్టుక సంగతి. 1798లో ఫ్రెంచి ఓడలు అమెరికా వర్తక నౌకల్ని పట్టుకుంటున్నాయి. ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. ఊళ్లవాళ్లే చందాలు వేసుకుని యుద్ధనౌకలు కట్టిస్తే ఆరు శాతం వడ్డీకి బాండ్లు ఇస్తామంది. మసాచుసెట్స్‌లోని సేలం రేవు వ్యాపారులు ముందుకొచ్చారు. ఎలియాస్ హాస్కెట్ డెర్బీ, విలియం గ్రే చెరో 10 వేల డాలర్లు వేశారు. మొత్తం సుమారు 75 వేలు పోగయ్యాయి. నమూనా విలియం హాకెట్‌ది, కట్టింది ఈనస్ బ్రిగ్స్. ఓక్ దుంగలు తెచ్చి ఇవ్వండని బ్రిగ్స్ పత్రికలో ప్రకటన వేస్తే, చుట్టుపక్కల రైతులు చలికాలం మంచు మీద బళ్లతో లాక్కొచ్చి ఇచ్చారు. 1799 ఏప్రిల్‌లో వింటర్ ఐలాండ్ దగ్గర అడుగు దూలం వేశారు, సెప్టెంబర్ 30న నీళ్లలోకి దించారు. ఆరు నెలలు కూడా పట్టలేదు. పొడవు 140 అడుగులు, 32 ఫిరంగుల తరగతి ఫ్రిగేట్, అంటే వేగంగా పోయే మధ్యతరహా యుద్ధనౌక. మొదట దాని మీద ప్రధానంగా 12 పౌన్ల గుండు వేసే పొడుగు ఫిరంగులే ఉండేవి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఓరుగల్లు_బిడ్డ
అన్నా, ఒక డౌట్. తిమింగలం ఢీకొట్టి ముంచేసిన ఎసెక్స్ ఇదేనా? ఇంకోటి, సేలం అంటే తమిళనాడులో ఉన్నదే అనుకుంటారు మనవాళ్లు, అందుకే ముందు కొంచెం తికమక పడ్డా.

తెరచాప
కాదు తమ్ముడూ. తిమింగలం ముంచింది నాంటకెట్ దీవికి చెందిన వేట ఓడ, 1820లో. పేరు ఒక్కటే, ఓడలు వేరు. అయితే ఈ యుద్ధనౌక కథలో కూడా తిమింగలాల వేట ఓడలే ముఖ్యం, అందుకే చాలామంది కలిపేస్తుంటారు. ఈ సేలం బోస్టన్‌కు ఉత్తరాన ఉన్న రేవు.

బోస్టన్_భారతి
సేలం మాకు దగ్గరే, ఆ ఊరి గురించి రెండు ముక్కలు నేను రాస్తాను. ఆ రోజుల్లో సేలం ఓడలు సుమత్రా మిరియాలకు, మన మద్రాసు, కలకత్తా రేవులకు వచ్చి వెళ్లేవి. ఎసెక్స్ నీళ్లలోకి దిగిన 1799లోనే అక్కడి కెప్టెన్లు 'ఈస్ట్ ఇండియా మెరైన్ సొసైటీ' పెట్టుకున్నారు. గుడ్ హోప్ అగ్రాన్నో హార్న్ అగ్రాన్నో చుట్టి వచ్చినవాళ్లకే అందులో సభ్యత్వం. వాళ్లు తూర్పు దేశాల నుంచి తెచ్చిన వస్తువులతో మొదలైందే ఇప్పటి పీబాడీ ఎసెక్స్ మ్యూజియం. అంత దూరపు వ్యాపారం చేసే ఊరు కాబట్టే ఫ్రెంచివాళ్ల బెడద వాళ్లకు నేరుగా తగిలింది. దేశభక్తితో పాటు సొంత సరుకు మీద బెంగ కూడా ఉంది ఆ చందాల వెనుక. అది తప్పని నేననను. తమ సముద్రానికి కాపలా కావాలని ఒక ఊరు అనుకుంది, కట్టించుకుంది.

తెరచాప
భారతి గారూ, సరిగ్గా చెప్పారు. దాని మొదటి డ్యూటీ కూడా ఆ తూర్పు వ్యాపారానికి కాపలాయే. 1800 జనవరిలో కెప్టెన్ ఎడ్వర్డ్ ప్రెబుల్ ఆధ్వర్యంలో, 'కాంగ్రెస్' అనే ఇంకో ఫ్రిగేట్‌తో కలిసి న్యూపోర్ట్ నుంచి బయలుదేరింది. డచ్చివాళ్ల బటావియా, అంటే ఇప్పటి జకార్తా నుంచి అమెరికా వర్తక నౌకల్ని వెంటబెట్టుకుని తీసుకురావాలి. వారం తిరక్కుండానే తుఫానులో కాంగ్రెస్ తెరచాప కొయ్యలు విరిగి వెనక్కి పోయింది. ప్రెబుల్ ఆగలేదు. ఒంటరిగా గుడ్ హోప్ అగ్రం దాటాడు. అమెరికా యుద్ధనౌక అటువైపు రావడం అదే మొదలు. నవంబర్ చివరికి ఆ నౌకల్ని క్షేమంగా చేర్చి న్యూయార్క్‌లో లంగరు వేశాడు.

తరువాత మధ్యధరా సముద్రం. ఉత్తర ఆఫ్రికాలోని ట్రిపోలీ వాళ్లతో గొడవల్లో 1801లో విలియం బెయిన్‌బ్రిడ్జ్ కెప్టెన్‌గా ఒకసారి, 1804లో జేమ్స్ బారన్ కింద మళ్లీ ఒకసారి వెళ్లింది. కాపలాలు, రేవుల దిగ్బంధాలు, అంతే, చెప్పుకోదగ్గ పోరాటాలు లేవు. 1806లో వెనక్కి వచ్చి వాషింగ్టన్ నేవీ యార్డులో మూడేళ్లు ఊరికే ఉంది. 1809లో మళ్లీ సర్వీసులోకి తీసుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లలో పొడుగు ఫిరంగులు దాదాపు అన్నీ తీసేసి 32 పౌన్ల కారొనేడ్లు, అంటే పొట్టి ఫిరంగులు, 40 పెట్టారు. మిగిలినవి 12 పౌన్ల పొడుగు ఫిరంగులు ఆరంటే ఆరు.

ఓరుగల్లు_బిడ్డ
12 పౌన్ల గుండు తీసేసి 32 పౌన్ల గుండు పెడితే బలం పెరిగినట్టే కదా అన్నా? ఇందులో నష్టం ఏముంది?

విశాఖ_తీరం
దీనికి నేను చెప్తాను. నా ఉద్యోగమంతా సరుకు ఓడల మీదే, ఫిరంగులు చదివి తెలుసుకున్నవే. కానీ బరువు, గాలి, లంగరు సంగతులు ఏ కాలంలో అయినా ఒకటే.

కారొనేడ్ అంటే స్కాట్లాండ్‌లోని క్యారన్ కంపెనీ పోతపోసిన పొట్టి ఫిరంగి. గొట్టం పొట్టి, గోడలు పల్చన, మందు తక్కువ పడుతుంది. కాబట్టి అంత పెద్ద గుండు వేసినా ఫిరంగి తేలిగ్గా ఉంటుంది, తక్కువమంది సరిపోతారు, గబగబా కాల్చొచ్చు. ఓడకు ఓడ ఆనుకునేంత దగ్గర్లో పేలిస్తే చెక్క గోడలు చీలికలవుతాయి. కానీ దూరం పెరిగేకొద్దీ గుండు ఊపు చచ్చిపోతుంది, గురి ఉండదు. పొడుగు ఫిరంగి చిన్న గుండే వేసినా చాలా దూరం నుంచి తగులుతుంది. చేతికర్ర ఉన్నవాడు ఒడిసెల ఉన్నవాడితో పొలంలో తలపడినట్టు. దగ్గరికి చేరగలిగితే కర్రవాడిదే గెలుపు, చేరనివ్వకపోతే రాళ్ల దెబ్బలు తింటూ నిలబడాలి.

అంటే కారొనేడ్ల ఓడకు ప్రాణం దాని తెరచాపల్లో ఉంటుంది. శత్రువుకు ఎంత దూరంలో ఉండాలో తనే నిర్ణయించుకోగలగాలి. కొయ్య విరిగితే ఫిరంగులు కూడా పోయినట్టే లెక్క. ఎసెక్స్‌కు సరిగ్గా అదే జరిగింది.

తెరచాప
ఇంతకంటే బాగా చెప్పలేను సార్. విచారం ఏమిటంటే ఓడ నడిపినవాడికి ఇది ముందే తెలుసు. 1811లో కెప్టెన్‌గా వచ్చిన డేవిడ్ పోర్టర్ ఈ కారొనేడ్లు వద్దు, పొడుగు ఫిరంగులు ఇవ్వండని నౌకాశాఖ కార్యదర్శికి రాశాడు. కొయ్యలు దెబ్బతింటే దూరం నుంచి కొట్టే ఓడ చేతిలో చిక్కుతాం అన్నది అతని భయం. వినలేదు. అతను రాసినట్టే మూడేళ్లకు జరిగింది. అందుకే నేను తప్పు ఆఫీసు గదిలో జరిగిందంటున్నాను.

కృష్ణాతీరం
పోర్టర్‌ను మరీ అమాయకుణ్ణి చేస్తున్నారు. కారొనేడ్లు వద్దన్నవాడే ఆ కారొనేడ్లతో 1812లో పది ఓడల్ని పట్టాడు కదా. ఆగస్టు 13న బ్రిటిష్ నేవీ వాళ్ల 'అలర్ట్' ఎనిమిది నిమిషాల్లో జెండా దించింది. 1812లో బ్రిటన్‌తో మొదలైన ఆ యుద్ధంలో అమెరికాకు చిక్కిన మొదటి బ్రిటిష్ యుద్ధనౌక అదే. ఎసెక్స్ వర్తక నౌకలా వేషం వేసి దగ్గరికి రానిచ్చి కొట్టింది. అంటే ఎలా వాడాలో తెలిస్తే కారొనేడ్లూ పనికొస్తాయి.

తెరచాప
కృష్ణాతీరం గారూ, అలర్ట్ బొగ్గు ఓడను మార్చి చేసిన చిన్న యుద్ధనౌక. అదే తనంత తానుగా దగ్గరికి వచ్చింది. తెలివైన కెప్టెన్ దగ్గరికి రాడు. వాల్పరైసోలో ఎసెక్స్‌ను ఓడించిన బ్రిటిష్ కెప్టెన్ హిల్యర్ రాలేదు. ఆ సంగతి ముందు ముందు.

అలర్ట్ ఖైదీల విషయంలో ఇంకో ముచ్చట ఉంది. వాళ్లు రాత్రి తిరగబడి ఓడను పట్టుకోవాలనుకున్నారు. హామాక్‌లో, అంటే వేలాడే గుడ్డ పడకలో పడుకున్న ఒక పిల్లవాడు, పక్కన పిస్తోలు పట్టుకుని నిలబడ్డ ఖైదీని చూసి నిద్ర నటించి, మెల్లగా వెళ్లి కెప్టెన్‌కు చెప్పాడు. పోర్టర్ బయటికి వచ్చి "నిప్పు! నిప్పు!" అని కేకలు వేశాడు. నిప్పంటుకుంటే అర్ధరాత్రి కూడా ఎవరి చోటుకు వాళ్లు పరుగెత్తేలా సిబ్బందికి ముందే తర్ఫీదు ఇచ్చి ఉన్నాడు. అందరూ ఆయుధాలతో లేచి వచ్చేసరికి తిరుగుబాటు మొదలవ్వకుండానే ఆగిపోయింది. ఆ పిల్లవాడు డేవిడ్ ఫారగట్, వయసు 11. పోర్టర్ పెంచుకున్న కొడుకు. అంతర్యుద్ధంలో 1864లో మొబైల్ అఖాతంలో గెలిచిన అడ్మిరల్ ఫారగట్ ఈయనే. ఎసెక్స్ గురించి మనకు ఇంత తెలియడానికి పోర్టర్ రాసుకున్న రోజువారీ పుస్తకం ఒక కారణం, ఫారగట్ జ్ఞాపకాలు ఇంకో కారణం.

బోస్టన్_భారతి
11 ఏళ్లకు యుద్ధనౌక మీద! చదువుతుంటేనే టెన్షన్ వస్తోంది. పసిఫిక్‌కు ఎందుకు వెళ్లారో చెప్పండి. ఎవరైనా పంపారా?

తెరచాప
ఎవరూ పంపలేదు. అది పూర్తిగా పోర్టర్ సొంత నిర్ణయం.

1812 అక్టోబర్ చివర్లో డెలావేర్ నుంచి బయలుదేరినప్పుడు, దక్షిణ అట్లాంటిక్‌లో బెయిన్‌బ్రిడ్జ్ నడుపుతున్న కాన్‌స్టిట్యూషన్‌ను, 'హార్నెట్'ను కలవాలన్నది ఆర్డర్. చెప్పిన రేవుల్లో ఎక్కడా వాళ్లు కనపడలేదు. ఎందుకంటే డిసెంబర్ 29న బ్రెజిల్ తీరంలో కాన్‌స్టిట్యూషన్ బ్రిటిష్ ఫ్రిగేట్ 'జావా'ను ఓడించి, దెబ్బలు బాగుచేసుకోవడానికి ఇంటికి మళ్లింది. ఈ జావా వెళ్తున్నది మన దేశానికే. బొంబాయికి రాబోతున్న జనరల్ థామస్ హిస్లాప్ అందులోనే ఉండి ఖైదీ అయ్యాడు. విడుదలయ్యాక ఈయనే మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా వచ్చి 1817లో మహిద్‌పూర్ దగ్గర హోల్కర్ సేనను ఓడించాడు. మన కోస్తా జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే, అందుకే చెప్పాలనిపించింది.

పోర్టర్ ముందు రెండు దారులు. వెనక్కి పోతే బ్రిటిష్ దిగ్బంధంలో చిక్కుకోవచ్చు. ముందుకు, అంటే హార్న్ అగ్రం చుట్టి పసిఫిక్‌కు పోతే అక్కడ బ్రిటిష్ తిమింగలాల వేట ఓడలు కాపలా లేకుండా తిరుగుతున్నాయి. ఆయిల్‌తో, సామాన్లతో నిండిన ఓడలు. శత్రువు సామాన్లతోనే బతకొచ్చు అనుకున్నాడు. డిసెంబర్‌లో 'నాక్టన్' అనే బ్రిటిష్ తపాలా ఓడను పట్టినప్పుడు దొరికిన 55 వేల డాలర్ల నాణేలు చేతిలో ఉన్నాయి, జీతాలకు ఇబ్బంది లేదు.

1813 ఫిబ్రవరిలో హార్న్ అగ్రం దగ్గర భయంకరమైన తుఫానులు. ఒక రాత్రి అల ఒకటి ఫిరంగుల కిటికీలను పగలగొట్టి లోపలికి దూసుకొచ్చింది. గట్టివాళ్లు కూడా మోకాళ్ల మీద ప్రార్థనలు మొదలుపెడితే, ముసలి సరంగు కింగ్స్‌బరీ గర్జించినట్టు అరిచి, ఓడకు ఇంకో పక్క మిగిలే ఉంది లేవండిరా అని వాళ్లను కదిలించాడని ఫారగట్ రాశాడు. మార్చి నడుమకల్లా చిలీలోని వాల్పరైసో చేరారు. పసిఫిక్‌లో అడుగుపెట్టిన మొదటి అమెరికా యుద్ధనౌక. గుడ్ హోప్ వైపు, హార్న్ వైపు రెండు చోట్లా మొదటిది ఇదే.

ఓరుగల్లు_బిడ్డ
వేట ఓడలు ఎక్కడున్నాయో అంత పెద్ద సముద్రంలో ఎట్లా తెలిసింది?

తెరచాప
మంచి ప్రశ్న. గాలపాగోస్ దీవుల్లో చార్లెస్ ఐలాండ్ మీద ఒక గుంజకు పెట్టె కొట్టి ఉండేది. వేట ఓడలవాళ్లు అందులో ఉత్తరాలు వేసి పోతే, ఇంటికి వెళ్లే ఇంకో ఓడ తీసుకెళ్లేది. పోర్టర్ మనిషిని పంపి ఆ ఉత్తరాలన్నీ తెప్పించి చదివాడు. ఏ ఓడ ఎప్పుడు వచ్చిందో, ఎటు పోయిందో అన్నీ అందులో ఉన్నాయి. ఏప్రిల్ 29న 'మాంటెజుమా', 'జార్జియానా', 'పాలసీ' మూడూ ఒకే రోజు చిక్కాయి. వేసవి దాటేసరికి మొత్తం పన్నెండు. 'అట్లాంటిక్' అనే వేగమైన ఓడకు ఫిరంగులు బిగించి 'ఎసెక్స్ జూనియర్' అని పేరు పెట్టి లెఫ్టినెంట్ జాన్ డౌన్స్‌కు ఇచ్చాడు. పట్టిన ఓడల్లో ఒకదాని పేరు 'శెరింగపటం', అంటే మన శ్రీరంగపట్నం. 1799లో హైదరాబాద్ నిజాం సేనలు కూడా ఇంగ్లీషువాళ్లతో కలిసి ముట్టడించిన ఆ కోట పేరే.

పట్టిన ఓడలకు కెప్టెన్లు చాలక పోర్టర్ పిల్లల్ని కూడా పెట్టాడు. పెరూ ఓడ చేతి నుంచి విడిపించిన అమెరికా వేట ఓడ 'బార్‌క్లే'ను వాల్పరైసో చేర్చే పని 12 ఏళ్లు నిండిన ఫారగట్‌కు ఇచ్చాడు. దాని పాత కెప్టెన్ వయసుమళ్లినవాడు, మహా కోపిష్టి. ఈ పిల్లవాడి మాట వినేది లేదు, తెరచాప ముట్టుకున్నవాణ్ణి కాల్చేస్తానని పిస్తోళ్ల కోసం కిందికి దిగాడు. ఫారగట్ గుండె దిటవు చేసుకుని, పిస్తోలుతో పైకి వస్తే సముద్రంలో పడేయిస్తానని కబురు పంపాడు. సిబ్బంది పిల్లవాడి పక్షాన నిలబడ్డారు. ముసలాయన దిగివచ్చాడు.

బోస్టన్_భారతి
గాలపాగోస్ అంటే నాకు తాబేళ్లు గుర్తొస్తాయి. వాటి గురించి పోర్టర్ ఏమైనా రాశాడా?

తెరచాప
రాశాడమ్మా. ఓడ అడుగున పేర్చితే నెలల తరబడి మేత, నీళ్లు లేకుండా బతుకుతాయని వందల కొద్దీ ఎక్కించారు, నావికులకు అదే తాజా మాంసం. ఒక్కో దీవి తాబేలు డిప్ప ఒక్కో ఆకారంలో ఉందని కూడా గమనించి రాశాడు. ఇరవై ఏళ్ల తర్వాత అక్కడికి వెళ్లిన డార్విన్ తన ప్రయాణ గ్రంథంలో పోర్టర్ మాటను ప్రస్తావించాడు. అయితే పోర్టర్ మేతకని ఒక దీవిలో వదిలిన మేకలు తప్పించుకుని అడవిలోకి పోయాయి. అలాంటి మేకలే తరువాతి కాలంలో ఆ దీవుల పచ్చదనాన్ని నాశనం చేశాయి.

కృష్ణాతీరం
మేకల సంగతి చెప్పారు, నుకు హివా సంగతి చెప్పలేదు. ఎసెక్స్ సర్వీసు చరిత్ర రాస్తే అది వదలకూడదు. నాకు ఈ ఓడ మీద మీకున్నంత ప్రేమ లేకపోవడానికి కారణం అదే.

1813 అక్టోబర్‌లో ఓడ బాగుచేసుకోవడానికి మార్కెసాస్ దీవుల్లోని నుకు హివాకు వెళ్లారు. తాయోహాయే అఖాతంలో లంగరు. అక్కడి తెగలకు తమలో తమకు పాత తగాదాలు. పోర్టర్ ఒక తెగ పక్షాన చేరి, ముందు హాపా వాళ్ల మీద, తర్వాత తైపీ వాళ్ల మీద యుద్ధానికి దిగాడు. నవంబర్ 19న కోట మీద జెండా ఎగరేసి, దీవి అమెరికాదేనని ప్రకటించి, అధ్యక్షుడి పేరున 'మాడిసన్ దీవి' అన్నాడు. ఆ దీవి వాళ్లు అమెరికాకు ఏ హానీ చేయలేదు. తైపీ లోయలోకి మొదటిసారి పోయినప్పుడు వెనక్కి తరిమారు. రెండోసారి సుమారు 200 మందితో రాత్రి కొండలెక్కి పోయి, ఊళ్లకు ఊళ్లు తగలబెట్టాడు. లోయ ఎంత అందంగా ఉందో, కాలిన తర్వాత ఎలా మారిందో తనే రాసుకున్నాడు. ఫిరంగుల విషయంలో అతనికి అన్యాయం జరిగిందంటే ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ అతన్ని ఎవరూ బలవంతం చేయలేదు.

తెరచాప
మీ మాట కాదనను. పోర్టర్ చేసిన పనుల్లో సమర్థించలేనిది అదే. అమెరికా కాంగ్రెస్ ఆ దీవి ఆక్రమణను ఎన్నడూ ఆమోదించలేదు. అక్కడ వదిలి వెళ్లిన మెరైన్ లెఫ్టినెంట్ జాన్ గాంబుల్ పరిస్థితి కూడా దారుణం. చేతిలో కొద్దిమంది మనుషులు. 1814 మే నెలలో కొందరు తిరగబడి ఆ శెరింగపటం ఓడనే ఎత్తుకుపోయారు. అది చివరికి సిడ్నీ చేరింది. మిగిలినవాళ్లతో గాంబుల్ 'సర్ ఆండ్రూ హామండ్' ఓడలో హవాయి వైపు బయటపడితే, అక్కడ బ్రిటిష్ 'చెరబ్' చేతికి చిక్కాడు.

విశాఖ_తీరం
ఇక వాల్పరైసో. దానికోసమే చూస్తున్నా. వాతావరణం, లంగరు వివరాలు ఏమైనా ఉంటే పూర్తిగా రాయండి.

తెరచాప
రాస్తాను సార్, తప్పులుంటే మీరు సరిచేయండి.

1814 ఫిబ్రవరి 3న ఎసెక్స్, ఎసెక్స్ జూనియర్ వాల్పరైసో చేరాయి. ఐదు రోజులకు బ్రిటిష్ ఫ్రిగేట్ 'ఫీబీ', దానితో 'చెరబ్' వచ్చాయి. ఫీబీ కెప్టెన్ జేమ్స్ హిల్యర్, పోర్టర్‌కు మధ్యధరా రోజుల నుంచి తెలిసినవాడు. ఫీబీ నేరుగా ఎసెక్స్ పక్కకు వచ్చింది. గాలి ఆడక దాని అడ్డకొయ్యలు ఎసెక్స్ డెక్ మీదికి వచ్చేశాయి. ఎసెక్స్ సిబ్బంది కత్తులతో దూకడానికి సిద్ధం. ఫీబీ తగిలితే యుద్ధమే అని పోర్టర్ అరిచాడు. కొట్టే ఉద్దేశం లేదని హిల్యర్ చేతులెత్తి చెప్పాడు. చిలీ తటస్థ రేవు అని పోర్టర్ వదిలేశాడు. కారొనేడ్లకు అంతకన్నా మంచి దూరం ఇంకోటి లేదు. ఆ ఒక్క నిమిషంలో ఫీబీ అతని గుప్పిట్లో ఉంది.

తరువాత ఆరు వారాలు ఇద్దరూ ఒకరినొకరు కాపు కాశారు. ఎసెక్స్ కొయ్య మీద "స్వేచ్ఛా వాణిజ్యం, నావికుల హక్కులు" అని రాసిన జెండా. ఒకరితో ఒకరు తేల్చుకుందాం రమ్మని పోర్టర్ పదేపదే పిలిచాడు, హిల్యర్ రాలేదు.

మార్చి 28న దక్షిణపు గాలి రేగింది. ఎసెక్స్ లంగరు మోకు తెగిపోయి ఓడ సముద్రం వైపు జారింది. పోర్టర్ ఇదే అదను అనుకుని తెరచాపలు ఎత్తి గాలికి ఎగువన తప్పించుకోబోయాడు. అఖాతం మూల తిరుగుతుండగా ఒక్కసారిగా వచ్చిన సుడిగాలికి పెద్ద కొయ్య పైభాగం విరిగి, పైనున్న మనుషులతో సహా సముద్రంలో పడింది. లంగరు చోటుకు తిరిగి చేరలేక, రేవుకు అవతల ఒడ్డుకు దగ్గరగా చిన్న గుంతలాంటి అఖాతంలో ఆగాడు. అది చిలీ నీళ్లే. హిల్యర్ ఈసారి ఆ మర్యాద పాటించలేదు.

నాలుగు గంటలకు కాస్త ముందు కాల్పులు మొదలయ్యాయి. ఫీబీ ఎసెక్స్ అమరం (వెనుక భాగం) వైపు, చెరబ్ అణియం (ముందు భాగం) వైపు. అమరం కిటికీల్లోంచి మూడు పొడుగు ఫిరంగులు మాత్రం పెట్టగలిగారు. ఆ మూడింటి దెబ్బకే బ్రిటిష్ ఓడలు అరగంట తర్వాత మరమ్మతులకు పక్కకు తప్పుకున్నాయి. మళ్లీ వచ్చినప్పుడు మాత్రం ఫీబీ 18 పౌన్ల పొడుగు ఫిరంగులతో దూరంగా నిలబడి కొట్టింది. కారొనేడ్లు అందవు. పోర్టర్ లంగరు మోకు కోయించి, మిగిలిన ఒక చిన్న తెరచాపతో శత్రువు మీదికి నడిపాడు. దగ్గరయ్యేసరికి చెరబ్ తప్పుకుంది. ఫీబీ వెనక్కి జరుగుతూ దూరం నిలబెట్టుకుంది. ఒడ్డుకు ఎక్కించి ఓడను తగలబెడదామంటే గాలి తిరిగింది. ఒక ఫిరంగి దగ్గర మూడుసార్లు మనుషుల్ని మార్చారని, అక్కడే 15 మంది చనిపోయారని ఫారగట్ రాశాడు. సాయంత్రం ఆరు దాటాక జెండా దించారు. 255 మందిలో 58 మంది చనిపోయారు, 65 మందికి గాయాలు, 31 మంది జాడ లేదు. బ్రిటిష్ వైపు చనిపోయినవాళ్లు ఐదుగురు.

58కి ఐదు. ఈ లెక్క చూసినప్పుడల్లా ఆ ఆఫీసు నిర్ణయం మీద నాకు కోపం వస్తుంది.

విశాఖ_తీరం
బాగా రాశారు. ఒక్క వివరం కలుపుతాను. లంగరు వేసి ఆగిన ఓడ తన పక్కభాగం శత్రువు వైపు తిప్పాలంటే, లంగరు మోకుకు వెనుక నుంచి ఇంకో మోకు కట్టి లాగుతారు. పోర్టర్ మనుషులు అది కట్టడం, శత్రువు గుండుకు అది తెగడం, మళ్లీ కట్టడం, మళ్లీ తెగడం. అందుకే 40 కారొనేడ్లు ఉండి కూడా పక్క తిప్పి కాల్చే వీలు లేకపోయింది.

అయితే మీ వాదనతో నేను సగమే ఏకీభవిస్తాను. కొయ్య విరిగాక కూడా దారి ఉంది. ఎసెక్స్ వేగమైన ఓడ. ఎదురుగాలికి రేవు వైపు తిరగకుండా గాలివాటున సముద్రంలోకి పరుగెత్తి ఉంటే తప్పించుకునే అవకాశం ఉండేది. కనీసం నడుస్తూ పోరాడేది, నిలబడి దెబ్బలు తినేది కాదు. రేవు దగ్గరకు తిరిగి చేరాలనుకోవడమే మొదటి తప్పని ఫారగట్ కూడా పెద్దయ్యాక రాశాడు. పెంచిన తండ్రి గురించి అలా రాయడం చిన్న విషయం కాదు. నా ఓటు ఫారగట్‌కే.

ఓరుగల్లు_బిడ్డ
హిల్యర్ దూరం నుంచి కొట్టడం పిరికితనం కాదా మరి? రెండు ఓడలు వేసుకొని వచ్చి, పోట్లాటకు పిలిస్తే రాకుండా.

విశాఖ_తీరం
కాదు బాబూ. అతని డ్యూటీ ఎసెక్స్‌ను ఆపడం, తన మనుషుల్ని కాపాడుకోవడం. పోర్టర్‌కు నచ్చిన దూరంలో పోరాడాల్సిన బాధ్యత అతనికి లేదు. తటస్థ నీళ్లలో కాల్చడం మాత్రం తప్పు, అందులో నాకు సందేహం లేదు. విచిత్రం ఏమిటంటే, చిలీ మర్యాదను కాలరాసిన ఈ హిల్యరే మే నెలలో చిలీ దేశభక్తులకూ స్పెయిన్ రాజు సేనకూ మధ్యవర్తిగా ఉండి లిర్కాయ్ ఒప్పందం కుదిర్చాడు.

కృష్ణాతీరం
మరి ఈ మొత్తం యాత్రతో అమెరికాకు దక్కింది ఏమిటి? పట్టిన ఓడల్లో ఎన్ని ఇంటికి చేరాయి?

తెరచాప
లెక్క నిజంగానే నిరాశగా ఉంటుంది. జార్జియానా, పాలసీ, 'న్యూజిలాండర్' ఇంటిదారిలో బ్రిటిష్ వాళ్లకు మళ్లీ చిక్కాయి. కొన్నింటిని తగలబెట్టారు, రెండింటిని ఖైదీలను పంపడానికి వదిలేశారు. న్యూయార్క్ చేరింది ఎసెక్స్ జూనియర్ ఒక్కటే, అదీ పెరోల్ మీద, అంటే మళ్లీ పోరాడమని మాట తీసుకుని విడిచిన సిబ్బందిని మోసుకుంటూ. దాన్నీ లాంగ్ ఐలాండ్ దగ్గర 'శాటర్న్' అనే బ్రిటిష్ ఓడ ఆపేస్తే, పోర్టర్ తిమింగలాల వేట పడవలో తప్పించుకుని బాబిలాన్ ఊరి దగ్గర ఒడ్డెక్కాడు. ఊరివాళ్లు బ్రిటిష్ వాడనుకుని పట్టుకున్నారు, అధికార పత్రం చూపించాక సన్మానం చేశారు.

కానీ డబ్బు ఒక్కటే లెక్క కాదు. శత్రువుకు 25 లక్షల డాలర్ల నష్టం అని పోర్టర్ తనే వేసుకున్న అంచనా, దాన్ని కొంచెం తగ్గించుకోవచ్చు. అయినా పసిఫిక్‌లో బ్రిటిష్ వేట ఆ ఏడాది దెబ్బతింది, అమెరికా వేట ఓడలు బతికాయి, ఈ ఒక్క ఓడ కోసం బ్రిటిష్ నేవీ ప్రపంచం అవతలికి యుద్ధనౌకల్ని పంపాల్సి వచ్చింది. ఏడాదికి పైగా సొంత రేవు, సొంత సామాను లేకుండా ఒక ఫ్రిగేట్ శత్రువు తిండి తింటూ, శత్రువు తాళ్లు, తెరచాప గుడ్డ వాడుకుంటూ తిరిగింది. ఓడ నడపడం తెలిసినవాళ్లకు అది ఎంత కష్టమో తెలుసు.

బోస్టన్_భారతి
ఓడ ఏమైంది చివరికి? సేలం వాళ్లకు తిరిగి దక్కిందా?

తెరచాప
లేదు భారతి గారూ. బాగుచేసి ఇంగ్లండ్ తీసుకుపోయారు, 1814 నవంబర్‌లో ప్లిమత్ చేరింది. బ్రిటిష్ నేవీ జాబితాలో 'ఎసెక్స్' పేరుతోనే చేర్చుకున్నారు గానీ యుద్ధానికి పెద్దగా వాడలేదు. తరువాత ఐర్లండ్‌లో డబ్లిన్ పక్కన కింగ్స్‌టౌన్ రేవులో, ఇప్పటి డన్ లేరీలో, ఆస్ట్రేలియాకు పంపబోయే ఖైదీలను ఉంచే తేలే జైలుగా మార్చారు. 1837లో వేలం వేసి అమ్మేశారు. ఊరి జనం డబ్బుతో, ఆ పక్క రైతుల ఓక్ చెట్లతో కట్టిన ఓడ అలా ముగియడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

విశాఖ_తీరం గారూ, గాలివాటున పరుగెత్తాలన్న మీ మాట మీద ఒక ప్రశ్న. పెద్ద కొయ్య పైభాగం లేకుండా, వెంట ఫీబీ తరుముతుంటే, మీ లెక్కలో ఎసెక్స్‌కు చీకటి పడేదాకా ఎంత ఆధిక్యం నిలిచేది?

విశాఖ_తీరం
కచ్చితంగా చెప్పడానికి రెండు ఓడల వేగం పట్టీలు కావాలి. కానీ గాలి వెనుక నుంచి వస్తున్నప్పుడు పెద్ద కొయ్య పైభాగం లేని లోటు, ఎదురుగాలికి వెళ్లేటప్పుడు ఉన్నంత ఉండదు. ముందు కొయ్య తెరచాపలు పూర్తిగా పనిచేస్తాయి. చీకటికి మూడు గంటలే ఉంది. పైగా వెంట తరిమే ఫీబీ తన పక్కభాగం తిప్పి కాల్చాలంటే ప్రతిసారీ వెనకబడుతుంది. ఎసెక్స్‌కు ఉన్న పొడుగు ఫిరంగుల్లో మూడు అమరంలోంచి కాల్చడానికి వీలుండేవి, అవి ఎంత బాగా పనిచేశాయో మీరే రాశారు. కాబట్టి నా మాట మీదే ఉంటాను. కారొనేడ్లు ఎసెక్స్‌ను బలహీనం చేశాయి, కానీ ఆ సాయంత్రం దాన్ని కదలకుండా నిలబెట్టింది పోర్టర్ నిర్ణయమే.

తెరచాప
చీకటికి మూడు గంటలే అన్న లెక్క నేను పట్టించుకోలేదు, అది బలమైన మాటే. అయినా ఆ ఓడ మీద 40 పొడుగు ఫిరంగులు ఉండి ఉంటే హిల్యర్ అసలు ఆ దూరంలో అంత ధీమాగా నిలబడేవాడా అన్నది నా ప్రశ్న.

విశాఖ_తీరం
నలభై పట్టవండీ, 18 పౌన్ల పొడుగు ఫిరంగి బరువుకు ఆ 140 అడుగుల ఓడ తట్టుకోదు. మొదట ఉన్న 12 పౌన్లవే ఉంచి, పై డెక్ మీద మాత్రం కారొనేడ్లు పెట్టి ఉంటే సరిపోయేది. ఫీబీ కూడా అలాంటి మిశ్రమమే, కింద పొడుగువి, పైన పొట్టివి. అందుకే అది దూరం నుంచీ దగ్గర నుంచీ రెండు రకాలుగా కొట్టగలిగింది.